కాసులపేరు వయస్సు

“ఇది మా ముత్తవ్వ మెడలోనిది, అంతకు ముందు రాయల కాలమునుండి మా యింట ఉన్నది” అని చెప్పి పాత కాసులపేరును చూపు కుటుంబములు తెలుగుదేశమున పెక్కు కలవు. ఆ మాటలో మొదటి సగము తరచుగా నిజమే. రెండవ సగము మాత్రము కాసును త్రిప్పి చూచునంతవరకే నిలుచును. ఏలయన కాసుమీద ఒకవైపు విక్టోరియా రాణి ముఖమో, ఐదవ జార్జి ముఖమో కనబడును. రెండవవైపు గుఱ్ఱమునెక్కి ఘోరసర్పము వంటి మృగమును చంపుచున్న వీరుడొకడు కనబడును. ఆ వీరుని కాళ్ల క్రింద చిన్న అంకెలలో ఒక సంవత్సరము ముద్రింపబడి యుండును. రాయల కాలము చేజారిపోయెనని ఆ యింటివారు చిన్నబుచ్చుకొన నక్కరలేదు. తన వయస్సును తన ఒంటిమీదనే వ్రాసికొన్న నగ మన నగలలో ఇదియొక్కటే. అది చెప్పు కథ రాయల కథకంటె తక్కువదియును కాదు.

తక్కిన నగల విషయము ఇంత సులభము కాదు. బంగారము త్రుప్పు పట్టదు, కుళ్లదు. కొయ్యకును ఎముకకును కాలము నిర్ణయించు కర్బన పరీక్ష దానికి పనికిరాదు. ఇంగ్లండులో 1478వ సంవత్సరము నుండి వెండిబంగారు వస్తువులమీద సంవత్సరమును తెలుపు అక్షరము ముద్రించు ఆచారము కలదు గనుక అచ్చటి వెండిగిన్నె ఏ యేట పరీక్షింపబడినదో పట్టిక చూచి చెప్పవచ్చును. మన కంసాలి ఎన్నడును తన పేరు చెక్కలేదు, సంవత్సరము వేయలేదు. ఆయన ముద్ర ఆయన పనితనమే. భారత ప్రమాణముల సంస్థ బంగారు నగలకు స్వచ్ఛతా ముద్ర వేయు పద్ధతిని ప్రారంభించినది 2000లో. ఆరు అక్షరాంకముల గుర్తింపు సంఖ్య వచ్చినది 2021లో. కాబట్టి ఆ ముద్ర ఉన్న నగను పాతదని ఎవరైన చెప్పినచో, ఆ ముద్రయే వారి మాటను కాదనును. ముద్ర లేనంతమాత్రమున నగ పాతదని చెప్పుటకును వీలులేదు.

నాణెమునకును మెడకును గల చుట్టరికము చాల ప్రాచీనమైనది. వేదమున నిష్కమనగా మెడలో ధరించు బంగారు ఆభరణము. తరువాతి వాఙ్మయమున అదే మాట నాణెమునకు పేరైనది. నగ ముందో నాణెము ముందో అను ప్రశ్నకు ఈ యొక్కమాట చక్కని జవాబు. తెలుగునేలమీద దీనికి రాతి సాక్ష్యముకూడ ఉన్నది. జగ్గయ్యపేట స్తూపమునకు చెందిన చక్రవర్తి శిల్పము, క్రీస్తుకు పూర్వము 1వ శతాబ్దినాటిది, నేడు చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియమున ఉన్నది. మాంధాత చక్రవర్తి చేయి పైకెత్తగా మేఘములనుండి చదరపు నాణెములు వర్షించుచున్నట్లు శిల్పి చెక్కినాడు. ఆ రాజు చెవులకు భుజములను తాకు బరువైన కుండలములు కలవు. ఆ కుండలముల ప్రసక్తి మరల వచ్చును.

ఇక కాసు. కోస్తా జిల్లాలలో నేటికిని “కాసు బంగారము” అనగా 8 గ్రాములు. తెలంగాణమున తులము లెక్క. కాసు 8 గ్రాములగుటకు కారణము ఇంగ్లీషువారి సవరను. దాని తూకము 7.98 గ్రాములు, మేలిమి 22 క్యారట్లు. 1899లో చేసిన చట్టము ప్రకారము సవరను 15 రూపాయల విలువతో మనదేశమున చెల్లుబడి నాణెమైనది. ఆ చెల్లుబడి 1927లో తొలగినది. ఆ మధ్యకాలమున పంట అమ్మినవానికి, కొలువు చేసినవానికి బంగారు నాణెము చేతికి వచ్చుట అపురూపము కాదు. 1852 నాటికి గోదావరిమీద ధవళేశ్వరపు ఆనకట్ట, 1855 నాటికి కృష్ణమీద బెజవాడ ఆనకట్ట పూర్తియైనవి. కాలువ క్రింది మాగాణి, ఆ మాగాణి ఇచ్చిన ధాన్యము, ఆ ధాన్యము తెచ్చిన సొమ్ము, ఆ సొమ్ముతో ఇల్లాలి మెడలోనికి వచ్చిన కాసులు: ఈ వరుసను ఊహించుటకు పెద్ద సాహసము అక్కరలేదు. బ్యాంకు లేని ఊరిలో కాసులపేరే బ్యాంకు. అవసరమునకు ఒక కాసు విప్పి తాకట్టు పెట్టవచ్చును. పంట చేతికి రాగానే విడిపించి మరల గ్రుచ్చవచ్చును. ఈ సౌకర్యము వడ్డాణమునకు లేదు.

సవరనును చదువుట నేర్చుకొనుటకు ఒక గంట చాలును. విక్టోరియా రాణి ముఖము మూడు రూపములలో కనబడును. జుట్టు ముడివేసిన పడుచు ముఖము 1838 నుండి 1887 వరకు. తలమీద చిన్న కిరీటము, మేలిముసుగు గల ముఖము 1887 నుండి 1893 వరకు. వృద్ధురాలై ముసుగు వేసికొన్న ముఖము 1893 నుండి 1901 వరకు. ఈ మూడింటిలోను ఆమె ఎడమవైపునకే చూచుచుండును. ఏడవ ఎడ్వర్డు, 1902 నుండి 1910 వరకు, గడ్డముతో కుడివైపునకు చూచును. ఐదవ జార్జి 1911 నుండి మరల ఎడమవైపునకు తిరుగును. అంకెలు అరిగిపోయిన కాసునకు సైతము ఈ ముఖమును బట్టి కొన్ని యేండ్ల మేరలో కాలము చెప్పవచ్చును. పడుచు రాణి కాసులలో కొన్నింటికి వెనుక గుఱ్ఱపు వీరునికి బదులు రాజచిహ్నము గల డాలు ఉండును. చాలమంది దానిని చూచి నకిలీ యనుకొందురు. నకిలీ కాదు, అది 1887తో ఆగిపోయిన అచ్చు.

సంవత్సరముకంటె ముచ్చటయైనది టంకసాల అక్షరము. గుఱ్ఱపు వీరుడు నిలిచిన నేల గీతమీద, సంవత్సరమునకు పైన, ఒక సూక్ష్మాక్షరము ఉండవచ్చును. పడుచు రాణి కాసులలో గుఱ్ఱపు అచ్చునకు అది తల క్రింద ఉండును. అక్షరము లేనిచో లండను. ఎస్ ఉన్నచో సిడ్నీ, ఎం ఉన్నచో మెల్‌బోర్న్, పి ఉన్నచో పెర్త్. ఈ మూడును ఆస్ట్రేలియా టంకసాలలు. సి యనగా కెనడాలోని ఒట్టావా, ఎస్. ఏ. యనగా దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా. పాత కాసులలో ఐ అను అక్షరము మాత్రము 1918వ సంవత్సరపు కాసులమీదనే కనబడును. అది బొంబాయి. మొదటి ప్రపంచయుద్ధమున ఓడలు సముద్రములమీద నిర్భయముగా తిరుగలేక, మనదేశమున నాణెములకు కొఱత యేర్పడగా, బొంబాయిలో రాచటంకసాల శాఖ నొకదానిని తెఱచిరి. అచ్చట సుమారు 13 లక్షల సవరనులు ముద్రించి మరుసటి యేడే దానిని మూసివేసిరి. అవి ముద్రింపబడుటకు ముందు, అదే తూకము అదే మేలిమిగల 15 రూపాయల బంగారు నాణెమును కూడ అదే యేట బొంబాయిలో కొట్టిరి. ఒక్క కాసులపేరులో సిడ్నీ బంగారము, ప్రిటోరియా బంగారము, బొంబాయి కాసు ప్రక్కప్రక్కన వ్రేలాడుచుండుట అరుదు కాదు. ఆ పేరును ధరించిన యిల్లాలు తన తాలూకా దాటి యుండక పోవచ్చును.

ఇచ్చట ఒక చిక్కు వచ్చును. కాసు వయస్సు వేరు, కాసులపేరు వయస్సు వేరు. 1872 కాసులు ముప్పదియు, 1911 కాసు ఒక్కటియు ఉన్న పేరు 1911కు ముందు ఈ రూపమున ఉండుటకు వీలులేదు. పేరులోని కాసులలో మిక్కిలి చిన్నదాని సంవత్సరమే ఆ పేరు వయస్సునకు పై హద్దు. త్రవ్వకములు జరుపు పురాతత్త్వవేత్తలు భూమి పొరల కాలమును నిర్ణయించుటకు వాడు సూత్రము సరిగా ఇదియే. కాని ఆ ఒక్క కాసు తరువాత చేర్చబడినదైనచో? అందుకే కాసునకు అతికిన కొక్కెమును చూడవలెను. ముప్పదియొక్క కాసుల కొక్కెములును ఒకే చేతిపనియై, ఒకే తీగతో, ఒకే విధమైన అతుకుతో ఉన్నచో పేరంతయు ఒక్కసారి కట్టినదే. ఒక కొక్కెము వేరై, అతుకు రంగు ఎఱ్ఱబారి ఉన్నచో, ఆ కాసు పెండ్లికో పురుడుకో వచ్చి చేరినదని అనుకొనవచ్చును. అరుగుదల కూడ మాటాడును. చిరకాలము మెడలో ఒరసికొన్న కాసులు అంచున నున్నబడి, ముఖముమీది జుట్టు గీతలు చెఱిగి ఉండును. వానిమధ్య పదునైన ముఖముగల కాసు క్రొత్తగా వచ్చినది. లేదా నాణెమే కాదు.

నాణెమే కాని కాసుల సంగతి చెప్పవలెను. లక్ష్మీకాసులు నాణెములు కావు. అవి పలుచని రేకుమీద అచ్చు వేసిన బిళ్లలు. వానిమీది అమ్మవారు కాలమును చెప్పదు. అదే అచ్చు తాతనుండి మనుమనికి చేతులు మారవచ్చును. రాణి ముఖము గల కాసులను సైతము మన కంసాలులు పోతపోసి చేసిరి. వానిలో అక్షరములు మొద్దుబారి, అంచు గీతలు ఎడమెడముగా ఉండును. తూకము కాసునకు కాసునకు మారును. వీనిని మోసమని కొట్టివేయుట నాకు సమ్మతము కాదు. 22 క్యారట్ల బంగారముతోనే చేసిన పక్షమున అది మోసమెట్లగును? రాణి ముఖము ఇచ్చట ఒక అలంకారమై పోయినది, అంతే.

నకలు చేయు ఈ అలవాటు మనకు నిన్నటిది కాదు. వెనిస్ నగరపు బంగారు డుకాటును మనవారు పుతళీ యనిరి. అది 1284లో పుట్టి 1797లో ఆ గణరాజ్యము కూలువరకు ఇంచుమించు మూడున్నర గ్రాముల తూకము, మేలిమి తప్పక నడచినది. ఒకవైపు మోకరిల్లిన పాలకుడు, అతని యెదుట సాధువు. రెండవవైపు నక్షత్రముల నడుమ క్రీస్తుమూర్తి. పాలకుని పేరు అక్షరములలో ఉండును గనుక చదువగలిగినచో కాలము తేలిపోవును. కాని మనదేశమున కొట్టిన నకలు పుతళీలమీద అక్షరములు అక్షరములవలె కనబడును, చదువబోయినచో ఏ మాటయు కాదు. అచ్చు చెక్కినవానికి ఆ లిపి రాదు. అంతకు పదునైదు వందల యేండ్లకు పూర్వము రోము బంగారు నాణెములకును ఇదే గతి పట్టినది. దక్షిణదేశమున దొరకిన రోము నాణెములలోను, వాని నకళ్లలోను చక్రవర్తి తలకు పైన రెండు రంధ్రములు పొడిచినవి కలవు. తల నిటారుగా నిలిచి, ముఖము లోకమునకు కనబడునట్లు గ్రుచ్చుటకే ఆ రెండు రంధ్రములు. కాసులపేరు అను మాట అప్పుడు ఉండెనో లేదో గాని ఆ నగకు బీజము అప్పటికే పడినది.

నిజముగా రాయల కాలపు కాసు కావలెనన్నచో వరాహములో వెదకవలెను. అది సుమారు 3.4 గ్రాముల చిన్న నాణెము. కృష్ణదేవరాయల వరాహముమీద కూర్చున్న బాలకృష్ణుడు, వెనుక నాగరిలిపిలో రాజు పేరు ఉండును. అచ్యుతరాయలదానిమీద గండభేరుండము. కుంఫిణీవారు చెన్నపట్టణమున కొట్టిన వరాహములమీద దేవేరులతో కూడిన వేంకటేశ్వరుడు ఉన్నాడు. దేవుని మాత్రము చూచి రాయల కాలమనుకొని త్వరపడరాదు.

తెలంగాణమున వెండి రూపాయల పేరులకు వేరొక పంచాంగము కావలెను. నిజాము హాలీ సిక్కాలమీద సంవత్సరము హిజ్రీ లెక్కలో ఉండును. హిజ్రీ సంఖ్యనుండి నూటికి మూడువంతున తీసివేసి 622 కలిపినచో క్రీస్తుశకము ఇంచుమించుగా వచ్చును: 1329 హిజ్రీ 1911 అగును. 20వ శతాబ్ది మొదట వచ్చిన చార్మినారు అచ్చు నాణెములమీద, నడిమి ద్వారములో ఒక ఉర్దూ అక్షరము కనబడును. అది మీమైనచో మహబూబ్ అలీఖాన్, ఐనైనచో ఉస్మాన్ అలీఖాన్. సంవత్సరము చదువలేనివారికి ఈ ఒక్క అక్షరము 1911కు అటో యిటో తేల్చును. ఇంగ్లీషు రూపాయలలో విక్టోరియా 1876 వరకు రాణి, 1877 నుండి చక్రవర్తిని. ఆ మాట నాణెముమీదనే ఉండును. ఒక్క జాగ్రత్త: 1862 అని ఉన్న రూపాయి 1862నాటిదే యని నమ్మరాదు. ఆ సంవత్సరపు అంకెను మార్చకయే 1874 వరకు ముద్రించిరి. ప్రభుత్వము వేసిన అంకెయే ఇట్లుండగా ముత్తవ్వ మాటను తప్పుపట్టుటెందుకు?

నాణెము లేని నగకు శిల్పము సాక్షి. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియమున ఒక జత బంగారు కుండలములు కలవు. మొగ్గలవంటి రెండు భాగములలో ఒకదానియందు రెక్కల సింహము, వేరొకదానియందు ఏనుగు. రేకును వెనుకనుండి కొట్టి ఉబ్బెత్తుగా తీర్చి, సూక్ష్మమైన బంగారు రవ్వలను, తీగ ముక్కలను అతికి చేసిన పని. ముద్రగాని శాసనముగాని లేని ఆ జతను ఆంధ్రదేశపుదనియు, క్రీస్తుకు పూర్వము 1వ శతాబ్దిదనియు ఊహించుటకు ప్రధానమైన ఆధారములలో ఒకటి జగ్గయ్యపేట చక్రవర్తి చెవులలోని కుండలములే. రాతిలో శిల్పి చూపినదియు, బంగారములో కంసాలి చేసినదియు కలిసినవి. అయినను మ్యూజియమువారు “బహుశః” అను మాటను విడువలేదు. అది మంచి అలవాటు. ఏలయన రూపము చిరంజీవి: తాత చేసిన నాగరమును మనుమడు అదే రూపున చేయును. దేవాలయ శిల్పములోని కంటెను పోలిన కంటె మన పెట్టెలో ఉన్నంతమాత్రమున అది ఆ దేవాలయము నాటిది కాజాలదు. రూపము కాలమును చెప్పుటకంటె వంశమును చెప్పును.

రాళ్లు కొన్నిసార్లు నిర్దయగా నిజము చెప్పును. కెంపులను కొలిమిలో చేయు విధానమును వెర్నూయి అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1902లో ప్రకటించినాడు. అట్టి కెంపును భూతద్దముతో చూచినచో లోపల వంపు గీతలును, గాలి బుడగలును కనబడును. గనిలో పుట్టిన కెంపులో వంపు గీతలు ఉండవు. అడ్డిగలో అట్టి రాయి ఒక్కటి ఉన్నను ఆ రాయి 1902 తరువాతదే. రాయి మాత్రమే గదా, తరువాత మార్చియుండవచ్చును గదా యని అడుగవచ్చును. అడుగవలసినదే. రాయి చుట్టును ఉన్న గట్టును విప్పి మరల నొక్కిన జాడలు ఉన్నవో లేవో చూచి జవాబు చెప్పవలెను. పెంపకపు గుండ్రని ముత్యములు బజారునకు వచ్చినది 1920 ప్రాంతమున. ముత్యముల లోపలిది ఎక్స్‌రే లేక తేలదు.

రాళ్ల జన్మస్థలము విషయమున మన అభిమానము మనలను తరచుగా త్రోవ తప్పించును. హైదరాబాదు వజ్రమనగానే గోలకొండ యందుము. కృష్ణాతీరపు కొల్లూరు గని యందుము. నిజాము నగలలో కెల్ల పేరుమోసిన జాకబ్ వజ్రము, 184.75 క్యారట్లది, దక్షిణాఫ్రికాలో పుట్టినది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ దానిని 1891లో జాకబ్ అను వర్తకునివద్ద బేరమాడగా కలకత్తా న్యాయస్థానము వరకు వివాదము నడచినది. కొడుకు ఉస్మాన్ అలీఖాన్ దానిని తండ్రి చెప్పులో కనుగొని కాగితములమీద బరువుగా వాడెనని చెప్పుదురు. 1995లో భారతప్రభుత్వము 218 కోట్ల రూపాయలకు నిజాము నగలను కొన్నప్పుడు అదియు వచ్చినది. సాలార్‌జంగ్ మ్యూజియమున 2001లోను, ఢిల్లీ జాతీయ మ్యూజియమున 2019లోను ప్రదర్శించినప్పుడు దానిని చూచినవారిలో ఎందఱు మన కృష్ణాతీరపు రాయియే యనుకొని ఇంటికి పోయిరో!

పాత నగలు ఇంత అరుదుగా మిగులుటకు దొంగలకంటె కుంపటియే ఎక్కువ కారణము. ప్రతి తరమునను కూతురి పెండ్లికి తల్లి నగను కరగించి క్రొత్త రూపము చేయించుట మన ఆచారము. నలుగురు కూతుళ్లున్న యింట నలుబది కాసుల పేరు తెగి తలకొక పది కాసులగును. పంపకము న్యాయమైనదే, కాని ఆ పేరు ఎప్పుడు కట్టినదో చెప్పు సాక్ష్యము ఆ దినముతో నశించును. 1963 జనవరిలో వచ్చిన బంగారు నియంత్రణ నిబంధనలు క్రొత్త నగలకు 14 క్యారట్లకు మించిన మేలిమిని నిషేధించినవి. ఎందఱో కంసాలులు పని పోయి కులవృత్తిని విడిచిరి. ఆ నిబంధన 1966లో సడలినది. 1968లో చేసిన బంగారు నియంత్రణ చట్టము 1990 వరకు ఉండెను. 14 క్యారట్ల పాత నగ ఒకటి కనబడినచో ఆ మూడు నాలుగేండ్ల కాలమును ముందుగా తలచుకొనుట మంచిది. చేయి విడిచిన ఆ పనివారితో, ఏ ఇంటి నగ ఎవరు చేసిరో నోటితో చెప్పగల జ్ఞాపకము కూడ పోయినది. ఇది కాసుమీద చదువుటకు వీలైనది కాదు.

నేడు బంగారము ధర చూచి పాతవానిని మార్పిడికి పంపువారు మునుపటికంటె ఎక్కువైరి. దుకాణమున మొదట చేయు పని కొక్కెములను కత్తిరించుట, తరువాత తూచుట, తరుగు తీయుట. కాబట్టి పంపవలసియే వచ్చినను, పంపుటకు ముందొక సాయంకాలము కేటాయించి పేరును తెల్లని గుడ్డమీద పఱచి, రెండువైపులను ఫోటో తీయవలెను. పాలిషు పెట్టింపరాదు, అరుగుదల పోవును. ఒక్కొక్క కాసు సంవత్సరమును, ముఖమును, సూక్ష్మాక్షరమును వరుసగా వ్రాసికొనవలెను, తూకము ప్రక్కన వేయవలెను, 7.9 గ్రాములకు చాల తగ్గినది ఉన్నచో గుర్తు పెట్టవలెను. ఇంటిలో పెద్దవారున్నచో ఎవరి పెండ్లికి వచ్చినదో, ఎవరు కట్టినదో, ఏ కరవులో ఏ కాసు తాకట్టు పడినదో అడిగి అదే కాగితముమీద వ్రాయవలెను. వారు రాయల కాలమన్నచో అదియును వ్రాయవలెను, ప్రక్కనే కాసుమీది సంవత్సరమును వేసి.